పైకి పోయినాడు

పుదుచ్చేరిలో మిద్దె వేయడం అంటే మగవాళ్ళ పని సగమే. టేకు దూలాలు ఎక్కించి, వాటి మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, ఆపైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపిన ముద్ద పరిచి వాళ్ళు దిగిపోతారు. ఆ తరవాత ఆడవాళ్ళు ఎక్కుతారు. వరసగా కూర్చుని, తలా ఒక బల్లకట్టె పట్టుకుని, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ చల్లుకుంటూ ఆ ముద్దను కొడతారు. ఒక పూటతో తేలే పని కాదు. కట్టె వేస్తే లోపలికి దిగకుండా ఎగిరి చేతికి తిరిగొచ్చేదాకా కొట్టాలి. అందరి కట్టెలూ ఒక్కసారే పడాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా పడ్డాయా, ఆ మిద్దె మొదటి వానకే కారుతుంది. అందుకని పాట. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు, అందుకున్నచోట కట్టె పడుతుంది.

ఊళ్ళో కోసపాళయం పేట జట్టులో పాట ఎత్తే మనిషి మణియమ్మ. గొంతు తీయనిదేమీ కాదు, కాస్త బొంగురే. తీయని గొంతులు గుళ్ళో పనికొస్తాయి గానీ మిద్దె మీద పనికిరావు. ఆమె గొప్పతనం వేరే. ఎండ ఎక్కేకొద్దీ పాటను ఎవరికీ తెలియకుండా నిదానం చేసేది, సముద్రం గాలి తిరగగానే మళ్ళీ ముందుకు తోసేది. పొద్దుగూకే వేళకు ఆమె జట్టులో ఎవరికీ భుజాలు పట్టేసేవి కావు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పాడేది, అరవం ఎక్కడ అడ్డొస్తే అక్కడ దాన్నీ కలుపుకునేది. ఊరి నడిమి కాలవకు తూర్పున ఫ్రెంచి దొరల వీధుల్లో పనయితే, దొర మీసాల మీదా దొరసాని గొడుగు మీదా అప్పటికప్పుడు చరణాలు కట్టేది. అర్థం తెలియని దొర ఒకడు కింద నిలబడి "బియాన్, బియాన్" అని తల ఊపాడు. బాగుందని ఆయన అర్థం. బియ్యం ఇస్తానంటున్నాడని ఆడవాళ్ళ అర్థం. పని అయిపోయాక చేటలు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు కూడా. బియ్యం రాలేదు, ఆయనకు బియ్యం దొర అన్న పేరు మాత్రం మిగిలింది.

ఈ లోకంలో నాది అని మణియమ్మ చెప్పుకోదగ్గది ఆ పాట ఎత్తడం ఒక్కటే. ఇల్లు అత్తది. మొగుడు సముద్రానికి అవతల.

మొగుడి పేరు అయ్యనార్, తాపీ పనివాడు. పెళ్ళి చేసేటప్పుడు మణియమ్మను ఎవరూ ఏమీ అడగలేదు, ఆ కాలంలో అడిగే అలవాటు లేదు. కాపురం మొదలై ఇద్దరూ ఒకరి నడక ఒకరు గుర్తుపట్టేలోపే అతను జిబుటికి ఓడ ఎక్కాడు.

జిబుటి పేరు కోసపాళయంలో అందరూ విన్నదే, చూసినవాళ్ళు తక్కువ. ఆఫ్రికా తూర్పు ఒడ్డున, ఎర్రసముద్రం గుమ్మం దగ్గర ఉన్న రేవు. కొన్నేళ్ళ కిందట అక్కడ పగడపు రాళ్ళూ ఉప్పునేలా తప్ప ఊరని చెప్పుకునేందుకు ఏమీ లేదు. సూయెజ్ కాలవ మీదుగా వచ్చే తమ ఓడలకు బొగ్గు నింపుకునే చోటు కావాలని ఫ్రెంచివాళ్ళు చూసి, ఎదుటి ఒడ్డున ఒబోకులో ఉన్న తమ కచేరీని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారు. రాజధాని అన్నారు. రాజధాని అన్నాక ఇళ్ళు కావాలి కదా. చెట్లు లేని చోట కలప ఎక్కడిది, మట్టి లేని చోట ఇటుక ఎక్కడిది. ఉన్నదల్లా సముద్రంలో పగడపు రాయి. దాన్నే కోసి గోడలు లేపారు, దాన్నే కాల్చి సున్నం చేశారు. సున్నం పనిలో పుదుచ్చేరివాళ్ళ చెయ్యి మంచిదని ఎవరో దొర ఎవరో దొరతో అన్నాడట. అలా కొందరు వెళ్ళారు. అయ్యనార్ బయలుదేరేటప్పుడు తల్లి పచ్చడి జాడీ కట్టివ్వబోతే వద్దన్నాడు. ఒక గోతం కరక్కాయలు భుజాన వేసుకుని పోయాడు. కరక్కాయ నీళ్ళు తాగని సున్నం మీద అతనికి నమ్మకం లేదు.

ఆ ఊరి సంగతులు ఎక్కువగా విజయరంగన్ నోటి వెంట వచ్చేవి. అతను ఏంబలం మనిషి, తెలుగువాడే. జిబుటి రేవులో ఒక సరుకు గిడ్డంగికి కావలి కాసేవాడు, కొన్నేళ్ళకొకసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కోసపాళయం అరుగుల మీద కూర్చుని చెప్పేవాడు. అక్కడ నీళ్ళు ఊరి బయట అంబూలి బావుల నుంచి తోలుతిత్తుల్లో గాడిదల మీద రావాలట. ఎండాకాలం వడగాలి వీస్తే దొరలు కూడా మంచాలు మిద్దెల మీదికి ఎక్కించుకుంటారట. సోమాలీలు రేవులో బరువులు మోస్తారు, దనకిలీలు ఒంటెల మీద ఉప్పు తోలుకుపోతారు, యెమెన్ అరబ్బులు పడవలు నడుపుతారు, గ్రీకులు సారా అమ్ముతారు, గుజరాతీ బనియాలు బట్ట అమ్ముతారు. ఎవరి భాష వాళ్ళదే, బేరం మాత్రం అందరిదీ. ఇన్ని చెప్పేవాడు గానీ, వినేవాళ్ళకు తెలియనిది ఏదో తనకు అలవాటై పోయిందని అతనికి ఎప్పుడూ తట్టలేదు. పరాయి ఊళ్ళో ఎక్కువ కాలం ఉన్నవాళ్ళతో వచ్చే చిక్కే అది.

జర్మనీ యుద్ధానికి కొన్నేళ్ళ ముందు, ఒక సెలవులో, విజయరంగన్ ఓడ దిగి పుస్‌పుస్ ఎక్కాడు. మనిషి వెనకనుంచి తోసే బండిని పుదుచ్చేరిలో అలా అంటారు. ఏంబలం పోయే ముందు కోసపాళయంలో ఒక కబురు చెప్పవలసి ఉంది. అయ్యనార్ తల్లి అమ్మాయమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. బండి కనబడగానే చేట పక్కన పెట్టింది.

"మావోడు రాలేదా నాయనా? యాడ ఉండాడు?"

విజయరంగన్ బండి దిగకుండానే జవాబు చెప్పాడు. "పైకి పోయినాడవ్వా. కష్టమేమీ లేకుండానే పోయినాడు. దొరలే దగ్గరుండి పంపించినారు. నేను గూడా ఆఖరుదాకా ఉండి సాగనంపినా."

ముసలామె ఒక్క కేక పెట్టి అరుగు మీంచి కిందికి జారింది. పక్కిళ్ళవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కొడుకు ఈ ఓడలో వస్తాడని ఆశ పెట్టుకున్నట్టుంది, రాలేదని ఏడుస్తోంది, పాపం అనుకున్నాడు విజయరంగన్. ఇంకొక ముక్క చెప్పవలసింది ఉంది, వచ్చే ఓడలో కరక్కాయలు పంపమన్నాడని. రెండుసార్లు నోరు తెరిచాడు. ఆ ఏడుపుల్లో ఎవరూ వినలేదు. బండివాడు తొందరపెట్టాడు, ఏంబలంలో తన తల్లీ ఎదురుచూస్తోంది. వెళ్ళిపోయాడు.

ఆ సమయానికి మణియమ్మ దొరల వీధిలో మిద్దె మీద ఉంది. దిగిరమ్మని కింద నుంచి పిలిచారు. పాట నడుమ ఉంది, ముద్ద పచ్చిగా ఉంది. చరణం ముగించి, కట్టె పక్కన పెట్టి, అప్పుడు నిచ్చెన దిగింది. మొగుడు పోయిన కబురొస్తే చరణం పూర్తిచేసి దిగిందని తరవాత చాలామంది చెప్పుకున్నారు. కబురేమిటో దిగేదాకా ఆమెకు తెలియదన్నది ఎవరికీ అక్కరలేకపోయింది.

కర్మలు జరిగాయి. గాజులు పగిలాయి, తాళి తీశారు. మణియమ్మ ఏడ్చింది. అతని ముఖం కళ్ళ ముందుకు తెచ్చుకోబోతే ముక్కు గుర్తొచ్చింది గానీ నోరు గుర్తు రాలేదు. ఆమెను ఎక్కువగా ఏడిపించింది అదే.

మైల తీరి పనికి పోయిన రోజున త్యాగరాజన్ మేస్త్రి నిచ్చెన దగ్గర ఆమెను పక్కకు పిలిచాడు. జట్టుకు పని చూపించేది ఆయనే. మంచివాడు, చెడ్డ మాటను కూడా మెత్తగా చెప్పేవాడు.

"నువ్వు పని మానొద్దు తల్లీ, ఎప్పట్లానే కొట్టు. పాట మాత్రం ముత్తైదువ ఎత్తాల. కొత్త ఇల్లు గదా, ఇంటోళ్ళు ఒప్పుకోరు."

మిద్దె కారకుండా ఉండాలంటే పాట ఎత్తే మనిషికి చెవి బాగుండాలా, మెడలో తాళి ఉండాలా అని ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. అడగవలసిన మాట అదే. మణియమ్మ కూడా అడగలేదు. సరే మామా అంది. పాట జట్టులోనే ఉన్న రాసాత్తి చేతికి పోయింది.

రాసాత్తి మంచి పిల్ల, కానీ ఆమెకు అన్నిటికీ తొందర. పాట మొదలుపెడితే ఎవరో తరుముతున్నట్టు పోయేది. సాయంత్రానికి జట్టంతా భుజాలు పిసుక్కుంటూ ఇళ్ళకు చేరేవాళ్ళు. మణియమ్మ వరస చివర కూర్చుని అందరితో పాటు అందుకునేది. పాట మొదలయ్యే ముందు ఒక్క క్షణం కట్టెలన్నీ గాలిలో ఆగుతాయి. ఆ క్షణంలో ఆమె నోరు దానంతటదే తెరుచుకునేది. ఆమె మూసుకునేది. పక్కవాళ్ళు చూడనట్టు ఉండేవాళ్ళు. మొగుణ్ణి పోగొట్టుకున్న బాధ కొన్నాళ్ళకు సద్దుమణిగింది, ఇది మాత్రం సద్దుమణగలేదు. పనికి పోయిన ప్రతిరోజూ కొత్తగా మొదలయ్యేది.

మారుమనువుకు వాళ్ళ కులంలో అడ్డులేదు. ఒకరిద్దరు అడిగారు కూడా. అలా చేసుకున్న ఆడదానికి కాపురం దక్కుతుంది గానీ ముత్తైదువ మర్యాద దక్కదు, కాబట్టి పాటా దక్కదు. ఆమె వద్దంది. చచ్చిన మొగుడి మీద ఎంత ప్రేమో అని వీధి మెచ్చుకుంది. మెచ్చుకుంటే కాదనడం ఎందుకని ఊరుకుంది.

తరవాత యుద్ధం వచ్చింది. ఓడలు తగ్గిపోయాయి. విజయరంగన్ జిబుటిలోనే చిక్కుకుపోయాడు, కబుర్లు ఆగిపోయాయి. అక్కడ ఎవరు బతికి ఉన్నారో, ఇక్కడ ఎవరు ఏమనుకుంటున్నారో చెప్పే నాథుడు లేకపోయాడు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఒక పొద్దున, రేవులో పడవ దిగి ఒక మనిషి కోసపాళయం వచ్చాడు. పంట్లాము, టోపీ, నెరిసిన మీసం. అమ్మాయమ్మకు అప్పటికి చూపు మందగించింది. గుమ్మంలో నిలబడి "అమ్మా" అన్నాడు. గొంతు గుర్తుపట్టింది. కర్మలు జరిగిపోయిన కొడుకు గొంతు. చేతిలోని చెంబు నీళ్ళు అతని ముఖాన కొట్టి, వేపమండ తెమ్మని వీధి అదిరేలా అరిచింది. మగవాళ్ళు వచ్చి అతన్ని వీధి నడుమ నిలబెట్టారు. ఇంట్లోకి రావద్దన్నారు. నీడను చూశారు, పాదాలు చూశారు. అన్నీ ఉన్నాయి.

మణియమ్మను పని దగ్గర నుంచి పిలిపించారు. ఆమె వచ్చి, గాజులు లేని చేతులు చీర కొంగులో దాచుకుని, దూరంగా నిలబడింది. అతను ఆమె నుదురు చూశాడు, మెడ చూశాడు. ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్నది ఒక్కటే నోటికొచ్చింది.

"కరక్కాయలు ఎందుకు పంపలేదు?"

అదే ఓడలో దిగిన విజయరంగన్‌ను ఏంబలం దారిలోంచి వెనక్కి పట్టుకొచ్చారు. ఆనాడు ఏం చెప్పావని నిలదీశారు. అతను ఆనాటి మాటలు ఒక్కటి పొల్లుపోకుండా మళ్ళీ చెప్పాడు. ఆ మాటలు విని అమ్మాయమ్మ మళ్ళీ ఏడవబోయింది.

"నేను అబద్ధమేం చెప్పినా?" అన్నాడు. "జిబుటి కింద ఉండాది, సముద్రం కాడ. ఆడినుంచి రైలు కొండలెక్కి దిరెదావాకి పోతాది. రైలెక్కినోడు పైకి పోయినాడంటాము, వచ్చినోడు కిందికి దిగినాడంటాము. దొరలు గూడా 'మోంతే', ఎక్కినాడనే చెప్తారు. ఆడ ఊరంతా ఇదే మాట."

అప్పట్లో అబిసీనియా చక్రవర్తి రాజధాని దాకా ఆ రైలుదారిని పొడిగిస్తున్నారు, దారిలో స్టేషన్లకు మిద్దెలు కావలసి వచ్చాయి, అందుకని అయ్యనార్‌ను పంపించారు. దొరలే దగ్గరుండి రైలెక్కించారు. ఆఖరుదాకా సాగనంపడం అంటే రైలు ఆఖరి పెట్టె కనబడినంతసేపు విజయరంగన్ చెయ్యి ఊపడం. అంతే జరిగింది.  వీధిలో ఎవరో నవ్వారు. ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. అమ్మాయమ్మ మాత్రం నవ్వలేదు. తాను ఇన్నేళ్ళు ఏడ్చిన ఏడుపంతా వెనక్కి ఇవ్వమని విజయరంగన్ చొక్కా పట్టుకుంది. మణియమ్మ కూడా నవ్వలేదు. ఒక్క మాట అటూ ఇటూ అయినందుకు పాట పోయింది, అది ఆమె లెక్క.

కర్మలు జరిగినవాడు మామూలుగా గడప దాటకూడదు. మళ్ళీ పుట్టాలి. పురోహితుణ్ణి పిలిచారు. అంత మీసాలున్న మనిషిని నీళ్ళ కొప్పెరలో ముంచి తేల్చి, కొత్తగుడ్డ చుట్టి, పాతచీరతో కట్టిన ఉయ్యాలలో కూర్చోబెట్టారు. కాళ్ళు నేలకు తగులుతున్నాయి. చూపు ఆనని తల్లి ఉయ్యాల ఊపి, జోలపాడి, చెవిలో మూడుసార్లు అయ్యనార్ అని పేరు పెట్టింది. మూడోసారి పిలిచి అతని తలను రెండు చేతులా పట్టుకుంది, అప్పటిదాకా నవ్విన వీధి తలలు దించుకుంది. పుట్టినవాడికి పెళ్ళి కాలేదు కదా, ఆ ముడి కూడా మళ్ళీ పడాలన్నాడు పురోహితుడు. మొగుడు వాడే కాబట్టి ఇది మారుమనువు కాదని కులపెద్దలు తేల్చారు. అయితే ఈసారి పెళ్ళికూతురు ఎదిగిన మనిషి, ఆమెను అడగాలి అన్నారు.

పెద్దలు అడిగేలోపు అయ్యనార్ ఆమెతో పెరట్లో మాట్లాడాడు. దాచి మాట్లాడే మనిషి కాదు.

"ఆడ ఒక మనిషి ఉండాది. బిడ్డలు ఉండారు. కరక్కాయలు పంపమంటే జవాబు రాలేదు. యుద్ధం ముందు ఎన్ని ఓడలొచ్చినాయో అన్నిట్లో చూసినా. మీరందరూ నన్ను మరిచిపోయినారనుకున్నా. వచ్చే ఓడలో మళ్ళీ పోవాల."

మణియమ్మకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో చూస్తే మనిషి దొరకలేదు. ఇతను కరక్కాయల కోసం ఎదురుచూశాడు, తాను అతను పోయాడని బొట్టు తీసేసింది. అక్కడి ఆమె అయినా ఏం చేసింది, ఒంటరివాడికి ఇంత వండిపెట్టింది. చాలాసేపు పొయ్యి కట్టెలు సర్దుతూ కూర్చుంది.

"తాళి కట్టి పో," అంది.

"కట్టి పోతే నీకేం లాభం? నేను ఆడ, నువ్వు ఈడ."

"నువ్వు యాడన్నా ఉండు. నేను పాట ఎత్తాల."

అతనూ మిద్దెల మనిషే. అర్థమైంది. 

సమ్మతమేనా అని పురోహితుడు అడిగినప్పుడు పెళ్ళికూతుళ్ళు తల వంచుకుంటారు. మణియమ్మ సమ్మతమని వాకిలి దాకా వినబడేలా చెప్పింది. తాళి కట్టాడు. రాసాత్తే గాజులు తెచ్చి తొడిగింది, అందరికంటే ఎక్కువ సంతోషం ఆమెది. తన గొంతుకూ జట్టు భుజాలకూ ఇక విముక్తి అని నలుగురిలో చెప్పుకుంది.

ఆ వారమే ఒక మిద్దె పని తగిలింది. కట్టెలు గాలిలో ఆగాయి. మణియమ్మ నోరు తెరిచింది, ఈసారి మూసుకోలేదు.

"సున్నమా సున్నమా సొమ్మసిల్లకే,
కరక్కాయ నీళ్ళిస్తా గట్టిపడవే."

అయ్యనార్ ఉన్నన్నాళ్ళు తల్లి పక్కన కూర్చున్నాడు, ఇంటి గోడలకు సున్నం వేశాడు. మణియమ్మ కరక్కాయలు ఏరి, ఎండబెట్టి, గోతం నింపి కట్టింది. ఓడ కదిలే పూట ఆమె రేవుకు పోలేదు. మిద్దె మీద పని ఉంది, అక్కడి నుంచి సముద్రం కనబడుతుంది. పొగ సన్నబడి పోయేదాకా అటే చూస్తూ పాడింది. పాట తప్పలేదు. అతను పోవడం ఆమెకు బాధ కాదని చెప్పడానికి లేదు. ఈసారి ముక్కూ నోరూ అన్నీ గుర్తున్నాయి.

ఆ తరవాత కోసపాళయంలో పైకి పోవడం అనే మాట సరదా మాట అయింది. మీ ఆయన యాడ అని అడిగితే పైకి పోయినాడని మణియమ్మే నవ్వుతూ చెప్పేది. ఎవరైనా నిజంగా చనిపోతే కబురు తెచ్చినవాణ్ణి రైల్లోనా, పాడె మీదనా అని అడిగి తెలుసుకోవలసి వచ్చేది. కొన్నేళ్ళకు అమ్మాయమ్మ కన్నుమూసింది. పక్కింటివాళ్ళకు కబురు చెప్పడానికి పోయినవాడు అదే ప్రశ్నకు జవాబు చెప్పి, ఏడ్చి వచ్చాడు.

విజయరంగన్ చివరికి ఉద్యోగం చాలించుకుని తిరిగొచ్చాడు. ఓడ దిగి ఏంబలం పోలేదు, కోసపాళయం ఇంటికీ పోలేదు. మణియమ్మ పని ఎక్కడో కనుక్కుని, కాలవ పక్కన ఒక చెట్టియారు ఇల్లు కడుతున్న చోటికి మధ్యాహ్నపు ఎండలో నడిచొచ్చాడు. ఈసారి మాట తప్పకూడదని దారి పొడుగునా సాధన చేసుకుంటూ వచ్చాడు. చనిపోయినాడు. అంతే చెప్పాలి, రెండర్థాలు లేని మాట చెప్పాలి.

ఆడవాళ్ళు గంజి తాగి నిచ్చెన కింద నీడలో కూర్చుని ఉన్నారు. మణియమ్మ అతన్ని దూరం నుంచే చూసింది. టోపీ చేతిలో పట్టుకుని, మట్టిలోకి చూస్తూ వస్తున్నాడు. ఇంటికి పోకుండా తిన్నగా పని దగ్గరికి వచ్చిన మనిషి ఏం తెచ్చాడో ఆమెకు తెలిసిపోయింది. ఆ మాట అతని నోటి నుంచి జట్టు ముందు బయటపడితే ఈ పూటే మెడలోది దిగుతుంది. రేపటి నుంచి వరస చివర కూర్చోవాలి. కట్టెలు గాలిలో ఆగినప్పుడు నోరు మూసుకోవాలి. మళ్ళీ ప్రతిరోజూ.

అతను దగ్గరకు వచ్చి నోరు తెరవబోయాడు. ఆమె ముందే అందుకుంది.

"ఏందన్నా, ఇంత ఎండలో వచ్చినావు? ఆయన పైకి పోయినాడా?"

విజయరంగన్ ఆగిపోయాడు. ఆమె మెడ వైపు చూశాడు. చేతుల నిండా ఉన్న గాజులు చూశాడు. నిచ్చెన చూశాడు. ఆ మాట వల్ల ఆమెకు ఒకసారి ఏం పోయిందో అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

"పైకి పోయినాడమ్మా," అన్నాడు.

"కష్టం లేకుండానే పోయినాడా?"

"కష్టమేమీ లేకుండానే పోయినాడు."

"సాగనంపినావా?"

"ఈసారి నేను గూడా పైకి పోయినా. ఆఖరుదాకా ఉండి సాగనంపినా. నీ కరక్కాయలు పోసి వేసిన మిద్దె చుక్క కారలేదు, ఆ మాట నీతో చెప్పమన్నాడు."

ఆ పాత మాటలు విని ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. రాసాత్తి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇద్దరూ నవ్వడం లేదని ఎవరూ గమనించలేదు. మణియమ్మ కుండలోంచి నీళ్ళు ముంచుకుని ముఖం కడుక్కుంది. ఆగి, మళ్ళీ ముంచుకుని మళ్ళీ కడుక్కుంది. ఎండ మండిపోతోంది కాబట్టి అదీ ఎవరికీ వింతగా తోచలేదు. పోయినవాడు చెడ్డవాడు కాడు. రెండుసార్లు తాళి కట్టాడు, రెండోసారి అడిగి కట్టాడు. అతని కోసం గట్టిగా ఏడవాలని ఆమెకు ఉంది. ఏడిస్తే పాట పోతుంది.

ముద్ద ఆరిపోతోందని త్యాగరాజన్ మేస్త్రి పైనుంచి కేకేశాడు. "పోయొస్తానన్నా" అని విజయరంగన్‌తో చెప్పి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మణియమ్మ నిచ్చెన ఎక్కింది.

వరసలో కూర్చున్నారు. కట్టెలు లేచాయి, గాలిలో ఆగాయి. మణియమ్మ నోరు తెరిచింది, గొంతు రాలేదు. రాసాత్తి తల తిప్పి చూసింది, అందుకోనా అన్నట్టు. మణియమ్మ వద్దని చెయ్యి ఊపింది. గాజులు గలగలమన్నాయి. తరవాత సున్నమా సున్నమా అని బొంగురుగా, మామూలుకంటే నిదానంగా, పాట బయటికొచ్చింది.

కింద విజయరంగన్ టోపీ పెట్టుకోకుండా నిలబడి విన్నాడు. అందరి కట్టెలూ ఒక్కసారే పడ్డాయి.